నైలాన్ ముక్క ఎంత నీరు తాగిందో తూచి తెలుసుకునే పద్ధతి

నీటి పంపులో వేయడానికి చేసిన నైలాన్ బుష్ (షాఫ్టు తిరగడానికి వేసే గొట్టం లాంటి ముక్క) షాపులో షాఫ్టుకు చక్కగా సరిపోయి, నెల తిరిగేసరికి కదలకుండా పట్టేసిందని ఫిర్యాదు వస్తే సాధారణంగా నింద లేత్ మీద పనిచేసినవారి మీద పడుతుంది. చాలా సందర్భాల్లో తప్పు వారిది కాదు. నైలాన్ 6 తన బరువులో ఒక శాతం నీరు పీల్చుకున్నప్పుడల్లా పొడవులో సుమారు 0.2 నుంచి 0.3 శాతం పెరుగుతుంది కాబట్టి, 30 మి.మీ. కొలతకు ఆరు శాతం నీరు చేరితే 0.4 మి.మీ.కు అటూ ఇటూ పెరుగుదల వస్తుంది. చుట్టూ ఇనుప గూడు బిగించి ఉన్నప్పుడు ఆ పెరుగుదల బయటికి పోలేక లోపలి రంధ్రాన్ని మూసుకుంటూ వస్తుంది. ఒక ప్లాస్టిక్ ఎంత నీరు, ఎంత కాలంలో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో ముందే తెలుసుకోవడానికి కావలసినవి ఒక మంచి త్రాసు, ఒక ఓవెన్, కొంత ఓపిక. ఆ పని చేసే తీరును నైలాన్ 6ను ఆధారంగా తీసుకుని ఇక్కడ వివరిస్తాను, ఎందుకంటే నీటి ప్రభావం అంత స్పష్టంగా కనిపించే ప్లాస్టిక్ మన వర్క్‌షాపుల్లో మరొకటి లేదు.

నీరు లోపల ఎక్కడ ఉంటుంది

తూచడం మొదలుపెట్టే ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. ప్లాస్టిక్ నీరు పీల్చుకోవడం అనగానే స్పాంజిలోని రంధ్రాల వంటివి మనసులో మెదులుతాయి; కానీ గట్టి నైలాన్ ముక్కలో అటువంటి రంధ్రాలు లేవు. నీటి అణువులు ఒక్కొక్కటిగా పాలిమర్ గొలుసుల (ప్లాస్టిక్‌ను ఏర్పరిచే పొడవైన అణువుల) మధ్యకు చొచ్చుకుపోయి, వాటిలో కలిసిపోయి ఉంటాయి. అందుకే నీరు తాగిన నైలాన్‌ను పిండితే చుక్క కూడా రాదు, తుడిస్తే పోదు.

నైలాన్ గొలుసులో కొంత దూరానికొకటిగా ఎమైడ్ సమూహాలు (నైట్రోజన్, ఆక్సిజన్ ఉండి నీటిని ఆకర్షించే చిన్న అణు గుంపులు) ఉంటాయి, పక్కపక్క గొలుసుల్లోని ఎమైడ్‌లు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, నీటి అణువు వచ్చి ఆ బంధాన్ని విడదీసి రెంటి నడుమ తాను చేరుతుంది. గొలుసులకు పరస్పరం ఉన్న పట్టు సడలడంతో ముక్క మెత్తబడుతుంది, ఉబ్బుతుంది, కొట్టినా విరగని గుణం పెరుగుతుంది. పూర్తిగా పొడిగా ఉన్న నైలాన్ 6 గాజులా గట్టిగా ఉండే స్థితి నుంచి మెత్తని స్థితికి మారే ఉష్ణోగ్రత సుమారు 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ కాగా, నీటితో నిండినప్పుడు అది సున్నా కంటే కిందికి పడిపోతుంది. సాగకుండా నిలిచే బిగువు కూడా పొడిగా ఉన్నప్పటితో పోలిస్తే, మామూలు గాలిలోని తేమకే దాదాపు మూడో వంతుకు తగ్గిపోతుంది. ఒకే ముక్కకు పొడిగా ఒక స్వభావం, తడిగా ఇంకో స్వభావం ఉన్నాయన్నమాట.

ఎమైడ్‌లు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే అంత నీరు పడుతుంది. గది ఉష్ణోగ్రతలో నీటిలో ముంచి పూర్తిగా నిండనిస్తే నైలాన్ 6 తొమ్మిది, పది శాతం నీరు తీసుకుంటుంది. ఎమైడ్‌ల మధ్య దూరం రెట్టింపు ఉండే నైలాన్ 12 మాత్రం ఒకటిన్నర శాతం దగ్గరే ఆగిపోతుంది. పాలికార్బొనేట్‌కు 0.3 శాతం ప్రాంతం, యాక్రిలిక్‌కు సుమారు రెండు శాతం. నీటిని పట్టుకునే సమూహమే లేని పాలిథిన్, పాలిప్రొపిలిన్ వంటివి శాతంలో వందో వంతు కూడా తీసుకోవడం గగనం.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేస్తే లోపలి సంగతి కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. నైలాన్ 6లో ఒక్కో ఎమైడ్‌కు వచ్చే గొలుసు ముక్క అణుభారం 113. 113 గ్రాముల నైలాన్‌లో 9.5 శాతం నీరంటే సుమారు 10.7 గ్రాములు, అంటే 0.6 మోల్ (మోల్ అంటే అణువులను లెక్కించే కొలమానం; 18 గ్రాముల నీరు ఒక మోల్). ఎమైడ్‌లన్నిటికీ పంచితే తలకు 0.6 నీటి అణువు వస్తుందన్నమాట. అయితే మోల్డ్ చేసిన నైలాన్‌లో 30 నుంచి 40 శాతం భాగం స్ఫటికంగా గట్టిగా పేర్చుకుని ఉంటుంది, ఆ భాగంలోకి నీరు పోదు. మిగిలిన వదులు భాగానికే పంచితే ఎమైడ్‌కు ఇంచుమించు ఒక్కో నీటి అణువు లెక్క తేలుతుంది. అదే నైలాన్‌ను వేగంగా చల్లార్చి స్ఫటికం తక్కువగా చేస్తే నీరు ఎక్కువ పీల్చడానికీ, నిదానంగా చల్లార్చి స్ఫటికం పెంచితే తక్కువ పీల్చడానికీ కారణం ఇదే.

బట్టల్లోనూ ఇదే కథ నడుస్తుంది. 65 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలో నూలు తన పొడి బరువు మీద 8.5 శాతం తేమ పట్టుకుంటే పాలిస్టర్ 0.4 శాతమే పట్టుకుంటుంది. వానాకాలంలో దండెం మీద పాలిస్టర్ చీర ఆరిపోయినా నూలు చీర చెమ్మగానే ఉండడం అందరూ చూసినదే. నేతగాళ్ళు గుంట మగ్గం వేయడంలోనూ ఈ లాభం ఒకటి ఉంది: నేలలోని చెమ్మ పడుగు దారానికి అంది అది తెగకుండా ఉంటుంది.

తూచే ముందు

నమూనాగా 60 మి.మీ. పొడవు, 60 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న పలకను తీసుకోవడం మేలు. ప్లాస్టిక్‌లు పీల్చే నీటిని కొలవడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 62లోనూ ఈ కొలత ఉంది. అదే పనికి ఉన్న అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి570 పద్ధతిలోనైతే 50.8 మి.మీ. వ్యాసం, 3.2 మి.మీ. మందం ఉన్న బిళ్ళను వాడతారు. మందం ఎందుకంత ముఖ్యమో తరువాత వస్తుంది. నైలాన్ పలక సుమారు నాలుగు గ్రాములు తూగుతుంది, నిండినప్పుడు దాదాపు 0.4 గ్రాము పెరుగుతుంది కాబట్టి బంగారం తూచే 0.01 గ్రాము త్రాసుతో కూడా నైలాన్ వరకు పని జరుగుతుంది. అయితే ప్రమాణాలు కోరే కచ్చితత్వం రావాలంటే 0.001 గ్రాము లేదా అంతకంటే సూక్ష్మమైన త్రాసు ఉండాలి. పాలికార్బొనేట్‌ను 0.01 గ్రాము త్రాసు మీద పెట్టి నిర్ణయానికి రావద్దు, అక్కడ వచ్చే తేడా మొత్తం త్రాసు పొరపాటంత మాత్రమే ఉంటుంది. ఒకే రకం పలకలు మూడు తీసుకుని మూడింటి సగటు చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ మంది పొరబడేది పొడి బరువు దగ్గర. సంచి లోంచి తీసిన పలక పొడిగా కనిపించినా, సగం ఆర్ద్రత ఉన్న మామూలు గదిలో కొంతకాలం ఉన్న నైలాన్ 6లో రెండున్నర నుంచి మూడు శాతం నీరు అప్పటికే ఉంటుంది. దాన్నే పొడి బరువుగా రాసుకుంటే ఆ మూడు శాతం లెక్కలోంచి మాయమవుతుంది. ప్రమాణాలు 50 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టమంటాయి, కానీ అప్పటికే తేమ పట్టిన నైలాన్‌కు అది చాలదు. వాక్యూమ్ ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఉంచి, రోజుకొకసారి తీసి తూచి, వరుసగా రెండు తూకాల్లో తేడా కనిపించని వరకు కొనసాగించడం మంచిది. మామూలు వేడి గాలి ఓవెన్‌లో ఇంతకు మించిన వేడి పెడితే నైలాన్ పసుపు రంగుకు తిరుగుతుంది, అది ఆరడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో చెడిపోవడం. ఓవెన్ నుంచి తీసిన పలకను సిలికా జెల్ పరిచిన, మూత గట్టిగా పడే డబ్బాలో చల్లార్చిన తరువాతనే తూచాలి. వేడిగా ఉండగా త్రాసు మీద పెడితే పైకి లేచే గాలి వల్ల బరువు తక్కువ చూపిస్తుంది. బయట చల్లార్చితే అది మళ్ళీ తేమ పట్టడం మొదలుపెడుతుంది.

ముంచడం, తీయడం, లెక్కించడం

పలకలను 23 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో, ఒకదానికొకటి గానీ గిన్నె అడుగుకు గానీ అంటకుండా దారంతో వేలాడదీయాలి. తీసిన ప్రతిసారీ పైనున్న తడిని పోగులు రాలని పొడి గుడ్డతో రెండు వైపులా, అంచుల వెంట కూడా అద్ది, ఒక నిమిషంలోపు తూచి మళ్ళీ నీళ్ళలో వేసేయాలి. పైన మిగిలిపోయిన ఒక్క నీటి చుక్క 0.05 గ్రాము ఉండవచ్చు, అది నాలుగు గ్రాముల పలకలో ఒక శాతం కంటే ఎక్కువ. తుడిచే తీరు ప్రతిసారీ ఒకేలా ఉండాలని చెప్పేది ఇందుకే. వీలైతే మొదటి నుంచి చివరి వరకు ఒకే మనిషి తుడవాలి.

ఏ ఏ గంటలకు తూచాలన్నది నచ్చినట్టు పెట్టుకోవద్దు. నీరు లోపలికి పోయే వ్యాపనాన్ని వివరించే ఫిక్ సూత్రాల ప్రకారం (1855 నాటివి, ఇప్పటికీ మొదట వాడేవి అవే) పీల్చిన నీరు మొదట్లో కాలానికి కాక కాలం వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. నాలుగు గంటలకు రెండు శాతం ఉంటే నాలుగు శాతం కావడానికి ఎనిమిది గంటలు చాలవు, పదహారు పడుతుంది. అందువల్ల 1, 4, 9, 16, 25, 36, 49 గంటల దగ్గర తూస్తే వర్గమూలాలు 1 నుంచి 7 వరకు వరుస అంకెలవుతాయి, గ్రాఫ్ గీయడం తేలిక. ఉదయం ఆరు గంటలకు ముంచితే ఈ తూకాలు ఏడు, పది, మధ్యాహ్నం మూడు, రాత్రి పది, మర్నాడు ఉదయం ఏడు, సాయంత్రం ఆరు, ఆ తరువాతి ఉదయం ఏడు గంటలకు పడతాయి, అర్ధరాత్రి లేవనక్కరలేదు. తరువాత రోజుకొకసారి, బరువు పెరగడం ఆగేదాకా తూయాలి.

లెక్క సులభమే. తడి బరువులోంచి పొడి బరువు తీసివేసి, వచ్చినదాన్ని పొడి బరువుతో భాగించి నూరుతో హెచ్చించాలి. పొడి పలక 4.07 గ్రాములు, నిండిన పలక 4.46 గ్రాములైతే 0.39ని 4.07తో భాగించగా సుమారు 9.6 శాతం వస్తుంది. కొందరు తడి బరువుతో భాగిస్తారు, అప్పుడు 8.7 శాతం వస్తుంది. రెండూ తప్పు కావు, కానీ ఏది వాడారో రాయకపోవడం తప్పు. ఇద్దరు మనుషులు ఒకే ముక్కకు రెండు అంకెలు చెప్పి వాదులాడుకోవడం నేను చూశాను, చివరికి తేలిన తేడా భాగహారంలోనిదే.

గ్రాఫులో అడ్డంగా గంటల వర్గమూలాన్ని, నిలువుగా శాతాన్ని పెట్టి బిందువులు గుర్తిస్తే మొదటి సగం దాటే వరకు అవి సరళరేఖ మీద పడి, తరువాత వంగి చదునవుతాయి. రేఖ వాలును మందంతో హెచ్చించి, చివరి సంతృప్త శాతంతో (బరువు ఇక పెరగకుండా ఆగినప్పటి శాతంతో) భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, పై (π) విలువను 16తో భాగించగా వచ్చే 0.196తో హెచ్చిస్తే వ్యాపన గుణకం, అంటే నీరు లోపలికి పాకే వేగాన్ని చెప్పే అంకె వస్తుంది. ఉదాహరణకు వాలు గంట వర్గమూలానికి 1 శాతం, మందం 1 మి.మీ., సంతృప్తత 9.5 శాతం అనుకుంటే గుణకం గంటకు సుమారు 0.0022 చదరపు మి.మీ. అవుతుంది. మందం వర్గాన్ని ఈ గుణకంతో భాగించి 0.049తో హెచ్చిస్తే సగం నిండే కాలం, 0.445తో హెచ్చిస్తే నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నిండే కాలం తెలుస్తాయి.

ఈ లెక్కలోనే మందం మహిమ బయటపడుతుంది. 1 మి.మీ. పలక ఒక రోజు లోపు సగం నిండి, ఎనిమిది తొమ్మిది రోజుల్లో దాదాపు పూర్తవుతుంది. 3 మి.మీ. పలకకు తొమ్మిది రెట్ల కాలం, అంటే సగానికే ఎనిమిదిన్నర రోజులు, పూర్తికి రెండున్నర నెలలు. మరి 24 గంటలు ముంచి ఇచ్చే అంకె సంగతి ఏమిటి? ఉత్పత్తిదారుల కాగితాల్లో కనిపించే 24 గంటల శాతం ఆ ముక్క వేగాన్ని చెబుతుందే గానీ దాని సామర్థ్యాన్ని చెప్పదు. రోజంతా నీళ్ళలో పనిచేసే బుష్‌కు కొలతలు వేసేటప్పుడు ఆ అంకెను నమ్ముకుంటే మొదట చెప్పిన ఫిర్యాదే ఎదురవుతుంది. నైలాన్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. నీరు చేరిన కొద్దీ గొలుసులు వదులై వ్యాపనం వేగం పుంజుకుంటుంది కాబట్టి గుణకం నిజానికి ఒకే విలువ కాదు, మనకు దొరికేది సగటు. కొలతలు నిర్ణయించే పనికి అది చాలు.

చివరి తూకం అయ్యాక పలకను మళ్ళీ పూర్తిగా ఆరబెట్టి తూయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇది. ఈసారి వచ్చిన పొడి బరువు మొదటి పొడి బరువు కంటే తగ్గితే, నీరు లోపలికి వస్తూ కొంత పదార్థాన్ని బయటికి తీసుకుపోయిందని అర్థం; నైలాన్ 6లో గొలుసుగా మారకుండా మిగిలిపోయిన కాప్రోలాక్టం ఈ విధంగా నీటిలో కరిగిపోతుంది. తగ్గిన బరువును ముందు వచ్చిన తేడాకు కలిపితేనే నిజమైన నీటి శాతం దొరుకుతుంది.

మోల్డింగ్‌కు ముందు దానాను ఆరబెట్టడం

తూకం నేర్పిన పాఠం ఎక్కువగా అక్కరకు వచ్చేది మెషీను దగ్గర. తేమ ఉన్న దానాను (మోల్డింగ్‌కు వాడే ప్లాస్టిక్ గింజలను) కరిగిస్తే నీరు ఆవిరై ముక్క పైన వెండి చారలు వేస్తుందని ఆపరేటర్లందరికీ తెలుసు. కంటికి కనిపించని నష్టం పెట్ (నీళ్ళ సీసాలు చేసే ప్లాస్టిక్) వంటి పాలిస్టర్లలో జరుగుతుంది: కరిగిన వేడిలో ఒక్కో నీటి అణువు గొలుసులోని ఒక్కో ఎస్టర్ బంధాన్ని తెంచుతుంది. గొలుసు అణుభారం సుమారు 25,000 అనుకుంటే, 0.3 శాతం తేమ అంటే ఒక మోల్ గొలుసులకు 75 గ్రాముల నీరు, అంటే నాలుగు మోల్‌లకు పైగా. అదంతా పనిచేస్తే ప్రతి గొలుసూ సగటున ఐదు ముక్కలవుతుంది. అదే 0.005 శాతానికి దించితే పద్నాలుగు గొలుసుల్లో ఒకటి మాత్రమే తెగుతుంది. సీసాలు చేసేవారు పెట్‌ను 160 నుంచి 175 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు గంటలు ఆరబెట్టేది ఇందుకే. పాలికార్బొనేట్‌కు 120 డిగ్రీలు, మూడు నాలుగు గంటలు, 0.02 శాతం లోపు. నైలాన్‌కు 80 డిగ్రీలు, 0.2 శాతం లోపు సరిపోతుంది, గంటలు దానా ఎంత తడిసి ఉందన్న దాన్నిబట్టి నాలుగు నుంచి పన్నెండు దాకా పడతాయి.

బయటి గాలినే వేడి చేసి దానా మీదికి ఊదే హాపర్ డ్రైయర్ వేసవిలో పనిచేసి వానాకాలంలో పనిచేయదన్న మాటలో నిజముంది. 30 డిగ్రీల, 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలో నీటి ఆవిరి పీడనం సుమారు 34 మిల్లీబార్లు. ఆ గాలినే 80 డిగ్రీలకు వేడి చేస్తే, అక్కడ సంతృప్త పీడనం 474 మిల్లీబార్లు కాబట్టి, ఆర్ద్రత ఏడు శాతానికి దిగి ఆగిపోతుంది. ఎండాకాలం హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, 20 శాతం ఆర్ద్రత ఉన్న మధ్యాహ్నం ఇదే లెక్క మూడు శాతం చూపుతుంది. విశాఖ వంటి తీరంలో ఏడాది పొడుగునా మొదటి పరిస్థితికి దగ్గరగానే ఉంటుంది. పాలిమర్ తన చుట్టూ ఉన్న గాలితో సమతూకానికి వస్తుందే తప్ప అంతకంటే పొడిబారదు కనుక, వానాకాలంలో ఎన్ని గంటలు ఎక్కువ పెట్టినా నైలాన్ 0.2 శాతం లోపుకు దిగడం కష్టం. డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగానో మంచుగానో మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీలుండే గాలినిచ్చే డీహ్యుమిడిఫయింగ్ డ్రైయర్‌కు ధర పెట్టేది ఈ తేడాకే. అలాగని నైలాన్‌ను రోజుల తరబడి అందులో వదిలేయవద్దు, అతిగా ఎండితే గొలుసులు ఇంకా పొడవై కరిగినప్పుడు చిక్కబడి అచ్చు నిండదు.

మోల్డ్ అయిన ముక్కకు మాత్రం ఇందుకు విరుద్ధమైన పని చేయాలి. అప్పుడే అచ్చులోంచి వచ్చిన నైలాన్ పెళుసుగా ఉంటుంది, బిగిస్తే పగులుతుంది. అందుకే క్లిప్పులు, కేబుల్ టైల వంటివాటిని వేడి నీళ్ళలో ఉంచి రెండు మూడు శాతం నీరు కావాలని పట్టిస్తారు. ఎంత సేపు అన్నది పైన చెప్పిన తూకంతో ఒక్కసారి చూసుకుంటే చాలు.

పొడిని జెల్‌గా మార్చే నీరు

నైలాన్‌ను చూసిన కళ్ళతో డైపర్లలోని సోడియం పాలియాక్రిలేట్ పొడిని చూస్తే వేరే లోకం. గొలుసుల మీద రుణావేశం, వాటి పక్కన బయటికి పోలేని సోడియం అయాన్లు ఉంటాయి. ఆ అయాన్లను పలుచన చేయడానికి నీరు ద్రవాభిసరణతో (పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు నీరు పోయే గుణంతో) లోపలికి దూసుకువస్తుంది, గొలుసుల మధ్యనున్న అడ్డు ముడులు ఇక చాలని ఆపేవరకు. ఇక్కడ నీటిలో అధిక భాగం ఏ సమూహానికీ అంటుకోని మామూలు నీరే. పిండితే రాకపోవడానికి కారణం వల, ఆవేశం.

దీన్ని కొలవడానికి ఖాళీ టీ బ్యాగులు చాలు. 0.2 గ్రాము పొడిని బ్యాగులో వేసి అంచు మూసి, లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో అరగంట ముంచి, పది నిమిషాలు వేలాడదీసి తూయాలి. పొడి లేని బ్యాగును కూడా అలాగే ముంచి తూచి, ఆ బరువును, వేసిన 0.2 గ్రాము పొడి బరువును తీసివేసి, మిగిలినదాన్ని 0.2తో భాగిస్తే గ్రాముకు ఎన్ని గ్రాములో తెలుస్తుంది. ఉప్పు నీటిలో 30 నుంచి 60 రెట్లు, డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని వందల రెట్లు వస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌కైతే పొడి ఇంకా తగ్గించాలి, లేకపోతే జెల్‌కు బ్యాగులో చోటు చాలదు. బోరు నీటితో చేసి చూస్తే అంకె గణనీయంగా పడిపోతుంది, ఎందుకంటే కఠిన జలంలోని కాల్షియం రెండు గొలుసులను కలిపి పట్టి వలను బిగిస్తుంది. పొలంలో వేసే జెల్ సంచి మీద రాసిన రెట్లను మన బోరు నీటితో ఒకసారి ఇలా సరిచూసుకున్నాకే కొనడం మంచిది.

పని అయ్యాక జెల్‌ను సింకులో పారబోస్తే గొట్టంలో మరింత ఉబ్బి అడ్డుపడుతుంది. దాని మీద గుప్పెడు ఉప్పు చల్లి కలిపితే పట్టుకున్న నీటిని కొద్దిసేపట్లో వదిలేసి ముద్దగా కుంగిపోతుంది. ఆ నీటిని వంచేసి, ముద్దను చెత్తబుట్టలో వేయాలి.